దీపావళి రాత్రి నిండు చందమామ: ఒక కామెడీ ఎపిసోడ్‌కి పోస్ట్‌మార్టం

2022 అక్టోబర్ 23, ఆదివారం రాత్రి. మా కామెడీ సీరియల్ దీపావళి స్పెషల్ టీవీలో వస్తోంది. మర్నాడు పండగ. ఆ మర్నాడు సూర్యగ్రహణం. పదహారో నిమిషంలో మామగారు బాల్కనీలో నిలబడి కాకరపువ్వొత్తి తిప్పుతుంటారు. అక్కడ కట్ చేసి ఆకాశం చూపించాం. ఆకాశంలో గుండ్రంగా, తెల్లగా, పాలు పోసినట్టు నిండు చందమామ.

రెండు సెకన్ల షాట్. అది పడిందో లేదో నా ఫోన్ మోగింది. మా కో-డైరెక్టర్.

"చూశావా?"

"చూశానన్నా."

"రేపేంటి?"

"అమావాస్య."

ఆయన ఇంకేం మాట్లాడకుండా ఫోన్ పెట్టేశారు.

ఆ షాట్‌ని నేను ఎడిట్ రూమ్‌లో నాలుగుసార్లు చూశాను. డబ్బింగ్‌లో చూశాను, మిక్సింగ్‌లో చూశాను. చూసిన ప్రతిసారీ బాగుందనే అనుకున్నాను. దీపావళి అమావాస్య నాడు వస్తుందని తెలియని తెలుగువాళ్లు ఉండరు. పైగా గ్రహణం ఎప్పుడు పడుతుంది, ఎప్పుడు విడుస్తుంది, తిరుమల గుడి ఎన్ని గంటలు మూస్తారు అని ఆ వారమంతా అన్ని చానెళ్లూ ఒకటే గోల. అమావాస్య కాకపోతే సూర్యగ్రహణమే లేదు. ఇంత తెలిసిన పదిమందిమి కలిసి, ఆ ముందురోజే, దీపావళి రాత్రి ఆకాశంలో పున్నమి చంద్రుణ్ని పెట్టి జనం మీదికి వదిలాం.

నేను అసోసియేట్ డైరెక్టర్‌ని. అంతకుముందు ఐదేళ్లు కంటిన్యుటీ చూశాను. ఈ ఎపిసోడ్‌కి మనుషులు తక్కువై రెండు పనులూ నేనే చేశాను. ప్రసారమయ్యాక వారం రోజులు కూర్చుని మొత్తం ఎపిసోడ్‌ని షాట్ షాట్‌గా చూసి, తప్పులన్నీ నోట్‌బుక్‌లో రాసి, ఒక్కో తప్పు ఏ రోజు, ఎవరి చేతిలో, ఏ కారణంతో పుట్టిందో వెతికాను. పంతొమ్మిది తేలాయి. అన్నీ ఇక్కడ రాయను, కొన్నింటికి అంత సీన్ లేదు. సీరియల్ పేరు, చానెల్ పేరు, మనుషుల పేర్లు కూడా రాయను. వాళ్లతో నాకు ఇంకా పనుంది.

కథ

కథ చిన్నది. పెళ్లిలో అల్లుడికి స్కూటర్ ఇస్తానన్న రాజమండ్రి మామగారు ఏళ్లు గడిచినా ఇవ్వడు. పండక్కి పిలిస్తే స్కూటర్ అడుగుతారని ఈసారి పిలవకుండా తనే హైదరాబాద్ వచ్చేస్తాడు. సాయంత్రం దిగుతాడు, భోజనాల దగ్గర మాట దాటేస్తాడు, మధ్యలో పెళ్లి ఫ్లాష్‌బ్యాక్, రాత్రి బాల్కనీలో టపాకాయలు, చివర్లో ఒక మెలిక. కమర్షియల్స్ పోగా ఇరవై రెండు నిమిషాలు.

షూటింగ్ రెండు రోజులు, మణికొండలో అద్దెకు తీసుకున్న ఒక షూటింగ్ హౌస్‌లో. సినిమా అయినా సీరియల్ అయినా సీన్లు కథ వరసలో తీయరు, చోటును బట్టి తీస్తారు. బాల్కనీ సీన్లన్నీ ఒకేసారి, హాల్ సీన్లన్నీ ఒకేసారి. అందుకే తెరమీద పక్కపక్కనే వచ్చే రెండు షాట్ల మధ్య మాకు ఒక పగలు, రెండు భోజనాలు, ఒక గొడవ జరిగి ఉండొచ్చు. ఆ మధ్యలో చొక్కా గుండీ, బొట్టు సైజు, గ్లాసులో నీళ్లు మారకుండా కాపలా కాయడమే కంటిన్యుటీ పని. ఒకప్పుడు పోలరాయిడ్ ఫొటోలు తీసి పుస్తకంలో అంటించేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌లో తీస్తాం. ఫొటోలు ఎక్కువయ్యాయి, వాటిని తీసి చూసే తీరిక తగ్గింది.

ఇక రెండో రకం తప్పు. తెరమీద ఉన్నది బయట లోకంతో పొసగకపోవడం. సెట్లో మేం దాన్ని లోకజ్ఞానం తప్పు అంటాం. ఈ రెండూ వేర్వేరు మనుషులు చేసే వేర్వేరు తప్పులని, ఒకటి అసిస్టెంట్ల అజాగ్రత్త, ఇంకోటి రైటర్ అజ్ఞానం అని చాలాకాలం నమ్మాను. ఈ ఎపిసోడ్ ఆ నమ్మకాన్ని పోగొట్టింది. స్క్రిప్ట్ కాగితం తెచ్చి పక్కన పెట్టుకుని చూస్తే అందులో లోకజ్ఞానం తప్పు ఒక్కటి కూడా లేదు. రైటర్ గారు అన్నీ సరిగ్గానే రాశారు. ఆ తప్పులన్నీ మేం ఏదో ఒకటి సర్దబోయి పుట్టించినవే.

సాయంత్రం దిగిన గోదావరి

మూడో సీన్‌లో మామగారు ఇంటికొస్తారు. స్క్రిప్ట్‌లో అది పొద్దున్న. "గోదావరి దిగి తిన్నగా ఇటే వస్తున్నానమ్మా" అని డైలాగ్. అల్లుడు లుంగీలో పళ్లు తోముకుంటూ తలుపు తీయాలి.

షూటింగ్ రోజు అల్లుడి పాత్ర వేసే నటుడు ఇంకో షూటింగ్ నుంచి రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. వచ్చేసరికి కాస్ట్యూమర్ ఐదో సీన్ డ్రెస్ వేసి పంపించేశాడు, ఆఫీసు చొక్కా, మెడలో ఐడీ కార్డు. మళ్లీ మార్చాలంటే ఇరవై నిమిషాలు. డైరెక్టర్ గారు "ఇలాగే లాగించేద్దాం" అన్నారు. నేను ఊరుకోలేదు. ముందు సీన్‌లో లుంగీ, ఈ సీన్‌లో టక్ చేసిన చొక్కా, జంప్ కనబడుతుందన్నాను. మరేం చేద్దామన్నారు. "సీన్ సాయంత్రానికి మార్చేద్దాం సార్. అల్లుడు ఆఫీసు నుంచి వస్తుంటే గేటు దగ్గరే మామగారు తగిలారనుకుందాం" అన్నాను. భలే ఐడియా అన్నారు. నాకూ భలే అనిపించింది. డ్రెస్ కలిసింది, వెలుతురు కలిసింది, సీన్ గంటలో అయిపోయింది.

డైలాగ్ మాత్రం అలాగే ఉండిపోయింది. గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 నుంచి నడుస్తోంది. సాయంత్రం విశాఖపట్నంలో బయల్దేరి, రాత్రి రాజమండ్రి మీదుగా వచ్చి, తెల్లవారి హైదరాబాద్ చేరుతుంది. గోదావరి జిల్లాల వాళ్లను నిద్రలో లేపి అడిగినా ఆ రైలు టైము చెబుతారు. సోమవారం పొద్దున్నే ఆఫీసుకి ఒక ఫోన్ వచ్చింది. రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన. "ఏవండీ, సాయంత్రం ఆరింటికి హైదరాబాద్‌లో దిగే గోదావరి ఎక్కడ దొరుకుద్దో చెబుతారా, మేమూ ఎక్కుదాం" అన్నారు. కోపంగా లేరు, సరదాగానే అన్నారు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

చొక్కా కలిసిందో లేదో చూసిన దాన్ని, మారిన టైముతో పాటు ఇంకా ఏమేం మారాలో చూడలేదు. చొక్కా కంటికి కనిపిస్తుంది, రైలు మాటలో ఉంది. కంటిన్యుటీ షీట్‌లో కంటికి కనిపించే వాటికే గడులుంటాయి.

పెళ్లి ఫ్లాష్‌బ్యాక్

ఈ మూడు నిమిషాల ఫ్లాష్‌బ్యాక్‌లో మూడు తప్పులు దొర్లాయి. నిమిషానికొకటి.

మొదటిది సంవత్సరం. రైటర్ గారి లెక్క ప్రకారం పెళ్లి 2008 ఎండాకాలంలో. పురోహితుడు సంకల్పంలో "సర్వధారి నామ సంవత్సరే" అంటాడు. సరిగ్గా సరిపోయింది. కానీ హాల్ సీన్‌లో అల్లుడు "పద్నాలుగేళ్ల నుంచి" అనాల్సింది "పదమూడేళ్ల నుంచి" అనేశారు. ఆ టేక్‌లో ఆయన గొంతు పలికిన తీరు మళ్లీ రాలేదు, అదే ఓకే అయింది. ఎడిటర్ మంచి లెక్క మనిషి. 2022లోంచి పదమూడు తీస్తే 2009 కదా అని ఫ్లాష్‌బ్యాక్ మొదట్లో పడే అంకెను 2008 నుంచి 2009కి మార్చాడు. నాకు చెప్పాడు కూడా. మంచి పని చేశావన్నాను.

2009లో ఉగాది మార్చి 27న వచ్చింది. అక్కణ్నుంచి విరోధి నామ సంవత్సరం. పెళ్లి ఆ తేదీకి ముందైతే సర్వధారి చెల్లేది. కానీ సీన్ నిండా తాటాకు పందిరి, విసనకర్రలు, ఆవకాయ జాడీ. మే నెలని కళ్లకు కట్టినట్టు చూపించి మార్చి అంటే ఎవరు నమ్ముతారు? పట్టుకున్నది ఒక పురోహితుడు గారు. ఆయన చాలా మర్యాదగా రాశారు.

ఇందులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది తప్పు జరగడం ఒక్కటే అనుకోకండి. పంచాంగం తిప్పి చూసి ఉంటే ఎపిసోడ్‌లోకెల్లా పెద్ద జోకు అప్పనంగా దొరికేది. పీటల మీద మామా అల్లుళ్లు. మధ్యలో బేరం కుదరని స్కూటర్. పురోహితుడు గొంతెత్తి "విరోధి నామ సంవత్సరే" అంటాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. కట్. రైటర్‌కి రూపాయి ఇవ్వకుండా పంచాంగం రాసిచ్చిన జోకు అది. దాన్ని అక్కడే వదిలేసి వచ్చాం.

రెండోది డబ్బు. స్క్రిప్ట్‌లో మామగారు వెయ్యి నోట్ల కట్ట లెక్కపెడతాడు. వెయ్యి నోటు 2016 నవంబర్ 8తో పోయింది. రద్దయిన నోట్లు పదికి మించి దగ్గర పెట్టుకోకూడదని 2017లో చట్టమే వచ్చింది. ప్రొడక్షన్ అబ్బాయి అవి దొరకవని తనే తెలివిగా ఐదు వందల కట్ట తెచ్చి ఇచ్చాడు, వెనక ఎర్రకోట బొమ్మ ఉన్న బూడిద రంగు కొత్త నోట్లు. అవి పుట్టిందే నోట్ల రద్దు తర్వాత. 2009 పెళ్లిలో అవి కనిపించకూడదు. ఈ ఇబ్బందికి తేలిక మందు ఒకటుంది, ఫ్లాష్‌బ్యాక్‌లు తీసేవాళ్లకి పనికొస్తుంది. పాత వంద నోటు, ఆ నీలి ఆకుపచ్చ రంగుది, ఇంకా చెల్లుతుంది. లావెండర్ రంగు కొత్త వంద 2018లో వచ్చినా పాతది రద్దు కాలేదు. బ్యాంకులో ఎవరినైనా పట్టుకుని పాత వందల కట్ట ఒకటి సంపాదించి ప్రాపర్టీ పెట్టెలో దాచుకుంటే 1996 తర్వాత ఏ ఏడాదికైనా సరిపోతుంది. ఇప్పుడు నా దగ్గర ఒక కట్ట ఉంది. ఖర్చు పెట్టకుండా ఉండటమే కష్టం.

మూడోది స్కూటర్. పందిరి దగ్గర అలంకరించి పెట్టిన స్కూటర్ చూపించి, మామగారు పెళ్లవగానే దాన్ని ఎవరిదో వాళ్లకి తిరిగిచ్చేస్తారు. ఆర్ట్ వాళ్లు తెచ్చిన బండి నంబర్ టీఎస్‌తో మొదలైంది. తెలంగాణ ఏర్పడింది 2014 జూన్ 2న. 2009లో రాజమండ్రి బండి ఏపీ 05 అయి ఉండాలి. ఈసారి నేను వెంటనే పట్టుకున్నాను, ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. నంబర్ ప్లేట్ మీద బంతిపూల దండ వేయించాను. వైడ్ షాట్ అయిపోయింది. భోజనాల తర్వాత క్లోజ్ షాట్ పెట్టేసరికి ఆ దండ మండపానికి కట్టేశారు. ఇంకో దండ తెచ్చి హడావుడిగా హ్యాండిల్‌కి వేశారు. తెరమీద దండ ఒక షాట్‌లో వెనక, ఇంకో షాట్‌లో ముందు. రెండో షాట్‌లో టీఎస్ అక్షరాలు నీట్‌గా, మధ్యలో. ఒక లోకజ్ఞానం తప్పును కప్పబోతే కంటిన్యుటీ తప్పు పుట్టింది, కప్పాల్సిందీ కప్పలేదు.

రెండు స్క్రూలు విప్పి ప్లేట్ తీసేస్తే అయిపోయేది. కొత్త బండి అని కదా మామగారు కోస్తున్నది, కొత్త బండికి నంబరెక్కడిది? లేదా మామగారే అటూ ఇటూ చూసి దండతో నంబర్ కప్పుతున్నట్టు ఒక్క షాట్ తీసినా సరిపోయేది, నవ్వు కూడా వచ్చేది.

బూరెలు

తొమ్మిదో సీన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే ఇక్కడ తప్పు తెలిసీ వదిలేశాం, మళ్లీ చేయమన్నా వదిలేస్తాను.

భోజనాల బల్ల. మామగారి ముందు పళ్లెంలో ఐదు బూరెలు. అల్లుడు స్కూటర్ మాట ఎత్తుతాడు. మామగారు బూరె నోట్లో పెట్టుకుంటారు, నోరు నిండుగా ఉంది కాబట్టి జవాబు చెప్పరు. మళ్లీ అడుగుతాడు, మళ్లీ బూరె. సీనంతా ఇంతే.

తినే సీన్లలో మాకో పద్ధతి ఉంది. సీనంతా ఒకేసారి తీసే మాస్టర్ షాట్‌లో నటుడు ఏ మాట మీద ఏ చేత్తో ఏది తీశాడో రాసుకుంటాం. ముఖం దగ్గరగా చూపించే క్లోజుల్లో, ఎదుటి మనిషి భుజం మీదుగా తీసే సజెషన్లలో అదే మాట మీద అదే చేయి కదలాలి. నా షీట్‌లో ఇలా ఉంది: "స్కూటర్ అన్నప్పుడు ఎడమ చేత్తో గ్లాసు, కుడిచేత్తో మూడో బూరె, 'అసలు పెట్రోలు ధర' దగ్గర కొరుకుతారు." అంతవరకూ బానే ఉంది. ఒక్కో టేక్‌కి పళ్లెం మళ్లీ నింపాలి. మామగారి వేషం వేసే ఆయన పెద్ద నటుడు, నాటకాల్లోంచి వచ్చిన మనిషి. తినమంటే నిజంగా తింటారు. మాస్టర్‌కి మూడు టేకులు. ఆయన క్లోజ్‌కి వచ్చేసరికి పదకొండు బూరెలు లోపలికెళ్లాయి, అవీ నెయ్యి పోసినవి.

"అమ్మాయ్, ఇంకోటి తింటే నేను బూరెలానే ఉబ్బిపోతాను" అన్నారు. ఆయనకి షుగర్ కూడా. నాకు భయమేసింది. "వద్దు బాబాయ్, కొరికినట్టు చేయండి, చాలు" అన్నాను. డైరెక్టర్ గారు కూడా సరేనన్నారు. అక్కణ్నుంచి పళ్లెంలో బూరెలు తగ్గడం మానేశాయి. తెరమీద వరసగా లెక్కపెడితే ఐదు, మూడు, నాలుగు, రెండు, మళ్లీ ఐదు.

ఎడిట్ రూమ్‌లో నేను షీట్ పట్టుకుని కూర్చున్నాను. మూడు తర్వాత నాలుగున్న షాట్ వేయొద్దు, రెండో టేక్‌లో మూడే ఉన్నాయి, అది వేయమన్నాను. ఎడిటర్ రెండూ వేసి చూపించాడు. రెండో టేక్‌లో బూరెలు సరిగ్గా మూడే. మామగారు మాట వినగానే మింగేస్తారు. నాలుగో టేక్‌లో పళ్లెంలో నాలుగున్నాయి, కానీ ఆయన అల్లుణ్నే చూస్తూ రెండు సెకన్లు నములుతారు, ఆగుతారు, మళ్లీ నములుతారు, అప్పుడు మింగుతారు. గొంతు కదలడం కనిపిస్తుంది. రూమ్‌లో టీ ఇవ్వడానికొచ్చిన కుర్రాడు కప్పులు పట్టుకుని నిలబడి నవ్వాడు. ఎడిటర్ నావైపు చూశాడు. నేను షీట్ మూసేశాను.

హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఒక లెక్క చెబుతాడు. ఎక్కడ కట్ చేయాలో తేల్చుకునేటప్పుడు ఎమోషన్‌కి 51 శాతం, కథకి 23, లయకి 10 మార్కులు వేసి, మనిషీ వస్తువూ ఎక్కడున్నాయన్న పొందికకి చివర్లో 4 శాతం ఇస్తాడు. ఆ నాలుగు శాతం కాపాడటానికే నాకు జీతం ఇస్తున్నారని మొదటిసారి విన్నప్పుడు చిన్నబుచ్చుకున్నాను. కామెడీలో చాలాకాలం పనిచేశాక ఆ నాలుగు కూడా ఎక్కువేమో అనిపిస్తోంది.

బూరెల గురించి ఎవరూ ఫోన్ చేయలేదు. ఒక్కరు కూడా. 2001లో జెమినీ టీవీలో మొదలైన అమృతం సీరియల్‌లో అమృతరావు పాత్రని శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురు వేశారు. మనిషే మారిపోయాడు, ఇంటిల్లిపాదీ కూర్చుని అలాగే చూశారు, ఇప్పటికీ మళ్లీ మళ్లీ చూస్తున్నారు. అదే సీరియల్ చూసిన జనం అమావాస్య నాడు చంద్రుణ్ని ఒప్పుకోరు. నాకు అర్థమైనంతవరకు, తెరలోపలి లెక్క తప్పితే ప్రేక్షకుడు మన జట్టులోనే ఉంటాడు, కథ కోసం సర్దుకుంటాడు. తను ఎక్కిన రైలు, తను చదివే పంచాంగం, తను చేసుకున్న పండగ దగ్గర తప్పితే మాత్రం వీళ్లకి మన సంగతి తెలియదని పక్కకి జరుగుతాడు.

కాకరపువ్వొత్తి

ఇప్పుడు చందమామ దగ్గరికి.

కంటిన్యుటీ వాళ్లకి పీడకలలాంటి వస్తువులు కొన్నుంటాయి. సిగరెట్టు, కొవ్వొత్తి, ఐస్‌క్రీమ్. టేక్‌కి టేక్‌కి తరిగిపోయేవి. వాటన్నిటికీ పెద్దన్న కాకరపువ్వొత్తి. చిన్నది నిమిషం కూడా నిలవదు. పదిహేడో సీన్‌లో మామగారు దాన్ని వెలిగించి, గాల్లో సున్నాలు చుడుతూ, స్కూటర్ ఎందుకు ఇవ్వలేదో అసలు కారణం చెబుతారు. డైలాగే నిమిషం పైన ఉంది.

మాస్టర్‌లో పెద్ద సైజు వాడాం. రాత్రి పదకొండయ్యేసరికి అవి అయిపోయాయి. క్లోజ్‌కి జానెడు కూడా లేని చిన్నవి మిగిలాయి. చేయి ఫ్రేమ్ బయట పెట్టించి, వెలుగు మాత్రం ముఖం మీద పడేలా కెమెరామన్ ఏదో తంటాలు పడ్డారు. అయినా ఆయన మాట మధ్యలో అలవాటుగా చేయి ఎత్తారు. మాస్టర్‌లో సగం కాలి ఎర్రగా వంగిపోయిన పెద్ద పువ్వొత్తి. క్లోజ్‌లో అప్పుడే అంటుకుని చిటపటలాడుతున్న చిన్నది. రెండూ పక్కపక్కన వేస్తే బూరెల్లా సర్దుకునేది కాదు, వెలుగే మారిపోయింది. ఒక షాట్‌లో ముఖం ఎర్రగా, ఇంకో షాట్‌లో తెల్లగా.

ఎడిటర్ కటవే అడిగాడు. అంటే రెండు షాట్ల మధ్య అతుకు కనిపించకుండా ఇంకోవైపు చూపించే షాట్. తీసుంటే కదా ఇవ్వడానికి? కూతురి రియాక్షన్ తీయలేదు, పదకొండున్నరకి ప్యాకప్ చెప్పేశారు. ఎడిటర్ తన హార్డ్ డిస్క్‌లో వెతికాడు. "రాత్రి, ఆకాశం" అని పేరు పెట్టుకున్న ఫోల్డర్‌లో మొట్టమొదటిది ఆ చందమామ. మేఘం మెల్లగా పక్కకి జరుగుతుంది, వెన్నెల పడుతుంది. వేసి చూశాం. అతుకు మాయమైంది. చప్పట్లు ఒక్కటే తక్కువ.

ఆ తర్వాత అది అందరి కళ్లముందు నుంచీ వెళ్లింది. డైరెక్టర్, మ్యూజిక్ చేసినాయన, మిక్సింగ్ ఇంజనీర్. చానెల్‌లో క్వాలిటీ చెక్ అని ఒకటుంటుంది. వాళ్లు సౌండ్ లెవెల్ చూస్తారు, మధ్యలో నల్ల ఫ్రేములున్నాయేమో చూస్తారు, చూపించకూడనివి ఏమైనా ఉన్నాయేమో చూస్తారు. తిథి చూడటం వాళ్ల పని కాదు. మేమంతా ఆ షాట్‌లో చూసింది చంద్రుణ్ని కానే కాదు, కప్పబడిన అతుకుని. అతుకు కనిపిస్తోందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో చూస్తే, కనిపించడం లేదు, బాగుంది.

ఇందులో ఇంకో అవమానం ఉంది. తొమ్మిదో సీన్‌లో బల్ల వెనక గోడకి తెలుగు కాలెండర్ వేలాడుతుంటుంది. అక్టోబర్ పేజీయే ఉండాలని పట్టుబట్టి తిప్పించింది నేనే. ఆ పేజీలో 25వ తేదీ గడిలో అమావాస్యకి పెట్టే నల్ల చుక్క స్పష్టంగా కనిపిస్తుంది. బావగారి అబ్బాయి ఒకడు, ఇంటర్ చదువుతున్నాడు, రెండు ఫ్రేములూ ఫొటో తీసి పక్కపక్కన అతికించి నాకు పంపించాడు. కింద ఏమీ రాయలేదు.

రిపీట్ ప్రసారానికి

పది రోజుల్లో రిపీట్ ఉంది. రీషూట్‌కి డబ్బుల్లేవు. ఉన్నదాంట్లోనే సర్దాలి.

రైలు సంగతి తేలిగ్గా తేలింది. మామగారు లోపలికొచ్చి చెప్పులు విప్పేటప్పుడు వీపు మాత్రమే కనిపిస్తుంది. "తిన్నగా ఇటే" అన్నచోట కూతురి ముఖం వేసి ఆ మాట తీసేశాం. వీపు మీద కొత్త మాట డబ్బింగ్ చెప్పించాం: "పొద్దున్నే దిగాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మీ పిన్ని టిఫిన్ పెట్టింది, వద్దంటే భోజనం కూడా పెట్టింది." పిసినారి మామగారు రెండు పూటలు ఇంకొకరింట్లో లాగించి వచ్చాడని తేలింది. అసలు డైలాగ్ కంటే ఇదే నయం.

పురోహితుడి గొంతు మార్చడం ఇంకా తేలిక, ఆయన ముఖం హోమం పొగ వెనక ఉంది. "విరోధి" అని డబ్బింగ్ చెప్పించాం. మామా అల్లుళ్లు చూసుకునే షాట్ మా దగ్గర లేదు కాబట్టి జోకు సగమే దక్కింది. నోట్ల దగ్గర ఫ్రేమ్ పెద్దది చేసి చేతులు కత్తిరించాం. నంబర్ ప్లేట్ మసక చేశాం, దండ ఎగిరితే ఎగరనీ అన్నాం. గోడ గడియారం ఒకే సీన్‌లో తొమ్మిదిన్నర, రెండుంపావు చూపించేది. అందులో బ్యాటరీ తీయడం మర్చిపోయింది నేనే, దానికి ఏ సిద్ధాంతమూ లేదు. అలాగే వదిలేశాం.

నా షీట్‌లో ఒక గడి పెరిగింది. "మార్పు" అని పేరు. సెట్లో గానీ ఎడిట్‌లో గానీ ఎవరైనా ఏదైనా సర్దితే అందులో రాసి, ఎదురుగా ఇప్పుడు టైమెంత, ఏ ఏడాది, ఏ తిథి, ఏ ఊరు అని మళ్లీ నింపాలి. సర్దింది ఎవరో వాళ్లు కాకుండా ఇంకొకరు నింపాలి. సర్దినవాళ్ల కళ్లకి ఆ కాసేపు అతుకు తప్ప ఇంకేం కనిపించదు. డైరెక్టర్ గారు మొదట నవ్వారు, గోదావరి పేరు చెబితే ఊరుకుంటున్నారు.

చందమామ బదులు ఏం వేయాలన్నది చివరిదాకా తేలలేదు. చిచ్చుబుడ్డి వేస్తే వెలుగు మళ్లీ ఎక్కువవుతోంది. ఆఖరికి ఎడిటర్ ఇంకో షాట్ వెతికి తెచ్చాడు. పిట్టగోడ మీద వరసగా ప్రమిదలు, గాలికి చిన్నగా ఊగుతున్న దీపాలు. కొత్త గడి ప్రకారం చూశాను. దీపావళి, సరే. రాత్రి, సరే. ఏ ఊరైనా సరే. వేశాం.

రిపీట్ వచ్చిన రాత్రి అమ్మ ఫోన్ చేసింది. రైలు సంగతి బాగుందంది, పిన్ని మాటకి నవ్వానంది.

"అది సరే గానీ, ఆ దీపాలు ఎవరు పెట్టారే?"

"ఏమైందమ్మా?"

"అన్నీ ఒంటి వత్తులు. పండగపూట ఒంటి వత్తి దీపం పెడతారా ఎవరైనా? శవం తలదగ్గర పెడతారు గానీ."

ఎపిసోడ్ తీసి మళ్లీ చూశాను. ఏడు ప్రమిదలు. ఏడింటిలో ఒక్కో వత్తే.